పెళ్లిరోజుకు మూడు రాజధానులా? కోపెన్‌హాగన్ ఒక్కటి చాలు

మీ ప్రశ్న చదవగానే కాగితం తీసుకుని లెక్క వేశాను. హాంబర్గ్‌లో ఉంటున్నారు. అయిదో పెళ్లిరోజు. అక్టోబరు రెండో వారాంతం. శుక్రవారం సెలవు పెట్టారు, సోమవారం పొద్దున ఆఫీసులో ఉండాలి. ఈ మధ్యలో కోపెన్‌హాగన్, స్టాక్‌హోమ్, ఓస్లో మూడూ చూడాలి. మీ ఆవిడ శాకాహారి. ఖర్చు తొమ్మిది వందల యూరోలు దాటకూడదు. వీలైతే రాత్రి ఆకాశంలో ఉత్తర ధ్రువ కాంతులు (అరోరా) కూడా కనిపించాలి!

నేను పదకొండేళ్లుగా స్వీడన్‌లోని మాల్మోలో ఉంటూ రోజూ సముద్రం మీది వంతెన దాటి డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఉద్యోగానికి వెళ్లివస్తున్నాను. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు, స్నేహితులకు, ఆ స్నేహితుల స్నేహితులకు కూడా ఇలాంటి ప్రయాణాలు కుదిర్చిపెట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ జాబితాలో రెండు ఊళ్లు కొట్టేయండి. ధ్రువ కాంతుల మాట ఈసారికి వదిలేయండి. వాటి కోసం నార్వేలో ట్రోమ్సో వంటి ధ్రువవృత్తం దాటిన ఊరికి వెళ్లాలి. కోపెన్‌హాగన్‌లో అవి ఎప్పుడో ఒకసారి కనిపిస్తే మరునాడు పత్రికల్లో వస్తుంది.

స్టాక్‌హోమ్‌కు విమానం గంటా పావే కదా అని రాశారు. గాలిలో ఉండేది అంతే. గది ఖాళీ చేయడం, విమానాశ్రయానికి వెళ్లడం, తనిఖీ, ఎదురుచూపు, దిగాక ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆర్లాండా నుంచి మళ్లీ రైలు, కొత్త గది వెతుక్కోవడం అన్నీ కలిపితే నాలుగున్నర గంటలకు తక్కువ కాదు. ఓస్లోకు మరో నాలుగున్నర. ఆ రోజుల్లో కోపెన్‌హాగన్‌లో పొద్దు ఏడున్నరకు పొడిచి సాయంత్రం ఆరుంబావుకు కుంకుతుంది. శని, ఆదివారాలు కలిపి మీకు దొరికే వెలుతురు ఇరవై ఒకటిన్నర గంటలు. అందులో తొమ్మిది గంటలు సూట్‌కేసు లాగడానికే సరిపోతాయి.

ఈ తప్పు నేనూ చేశాను. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది మా ఆయనా నేనూ స్టాక్‌హోమ్‌ను ఒక్క రోజులో చుట్టేద్దామని బయల్దేరాం. వాసా ఓడ మ్యూజియం చేరేసరికి మూసే వేళ అయింది. 1628లో తొలి ప్రయాణంలోనే, రేవు దాటి కిలోమీటరు పైచిలుకు వెళ్లేసరికి మునిగిపోయిన ఓడ అది. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. ఆ ఓడ నీళ్ల మీద ఇరవై నిమిషాలైనా తేలింది, మేము దాన్ని అంతసేపు కూడా చూడలేదు. తిరుగు రైల్లో అయిదు గంటలు ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

మూడింటిలో కోపెన్‌హాగన్‌నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, అక్టోబరులో మిగతా రెండూ మీకు వాటి మంచి ముఖం చూపించవు. స్టాక్‌హోమ్ నీళ్ల ఊరు. జూన్, జులైలలో రాత్రి పదింటికి కూడా వెలుగు ఉన్నప్పుడు దీవుల మధ్య పడవలో తిరగాలి. ఓస్లో అందంలో సగం ఊరి బయట అడవిలో, ఫియోర్డు మీద, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మీద ఉంటుంది. పైగా ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూతే. కోపెన్‌హాగన్ చిన్నది, నడిచి చూసేది. వాన పడితే దూరే చోట్లు ఎక్కువ. మెట్రో రాత్రంతా నడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీ ఊరి నుంచి నేరుగా రైలు ఉంది.

ఆ రైలే ఎక్కండి. దాదాపు అయిదు గంటలు. 2019 దాకా ఈ రైలు ఏకంగా ఓడ ఎక్కి సముద్రం దాటేది. ఆ ముచ్చట కోసమే ప్రయాణం చేసేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు డెన్మార్క్ పడమటి భాగమైన జట్లాండ్ మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. ఓడెన్సే ఊరు దాటాక నిద్రపోకండి. అక్కడి నుంచి కాసేపటికి రైలు ఆరున్నర కిలోమీటర్ల వంతెన మీదికి ఎక్కుతుంది, రెండు వైపులా సముద్రం. మధ్యలో చిన్న దీవి వస్తుంది. అది దాటగానే రైలు సముద్రం అడుగున ఎనిమిది కిలోమీటర్ల సొరంగంలోకి దిగుతుంది. కార్లు మాత్రం పైన వేలాడే వంతెన మీదుగానే పోతాయి. సీటు ముందే రిజర్వు చేసుకోండి. పాస్‌పోర్టు, జర్మనీ నివాస కార్డు ఇద్దరివీ అసలువి వెంట ఉండాలి. సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ దేశాల్లోనే తిరుగుతున్నా సరిహద్దులో పోలీసులు రైలెక్కి అడగడం మామూలే. ఫోనులో ఫోటో చూపించి గట్టెక్కుదామనుకోకండి.

గది గురించి. ఊరి నడిబొడ్డున నోరెపోర్ట్ స్టేషను దగ్గర, లేదా కాలువల పక్కన క్రిస్టియన్స్‌హౌన్‌లో దొరికితే మంచిదే కానీ మీ బడ్జెట్‌కు బరువు. మెట్రోలో పది నిమిషాల దూరంలో ఓరెస్టాడ్ వైపు చూడండి. ప్రధాన రైల్వే స్టేషను వెనక వీధుల్లో చవకగా దొరుకుతాయి, ప్రమాదమేమీ లేదు కానీ శని రాత్రి నిద్ర పట్టదు.

ఇక రోజులు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా దిగేలా చూసుకోండి, దానికి కారణం ఉంది. డెన్మార్క్‌లో అక్టోబరు మధ్యలో బడులకు ఒక వారం సెలవు. పూర్వం పిల్లలు పొలాల్లో బంగాళాదుంపలు ఏరడానికి వెళ్లేవారట, అందుకే పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ బంగాళాదుంప సెలవులంటారు. ఆ వారానికి ముందు శుక్రవారం కోపెన్‌హాగన్‌లో ‘కుల్టూర్‌నాటెన్’, అంటే సంస్కృతి రాత్రి. ఒక్క పాసు కొంటే మ్యూజియాలు, చర్చిలు, పార్లమెంటు భవనం, మంత్రిత్వ శాఖలు, మామూలు రోజుల్లో గడప తొక్కనివ్వని చోట్లు కూడా రాత్రి పొద్దుపోయే దాకా తెరిచి ఉంటాయి. ఆ సాయంత్రం బస్సులకు, మెట్రోకు కూడా ఆ పాసే పనికొస్తుంది. మీ తేదీ దానితో కలుస్తుందో లేదో ముందు చూసుకోండి. కలిస్తే మీ పంట పండినట్టే. అయితే ఆ రాత్రికి మూడు చోట్లకు మించి పెట్టుకోకండి. ఒకసారి నేను ఒక మంత్రిగారి గది చూడటానికి గంటసేపు వరుసలో నిలబడ్డాను. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, పళ్లెం నిండా బిస్కెట్లు. బిస్కెట్లు బాగున్నాయి.

తేదీ కలవకపోతే శుక్రవారం సాయంత్రం నోరెబ్రో పేటకు వెళ్లండి. అక్కడ అసిస్టెన్స్ అనే పాత శ్మశానం ఉంది. పిల్లల కథల హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, తత్వవేత్త కీర్కెగార్డ్, భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ అందరి సమాధులూ అక్కడే. పెళ్లిరోజుకు శ్మశానమా అని ముఖం చిట్లించకండి. ఊరివాళ్లకు అది తోట. సమాధుల మధ్య దారిలో పరిగెత్తేవాళ్లు, బెంచీ మీద కాఫీ తాగే జంటలు కనిపిస్తారు. ఆ పక్క వీధుల్లోనే మీ ఆవిడకు మంచి ఫలాఫెల్ (శనగల వడలు) దొరుకుతుంది.

శనివారం తొందరపడి లేవకండి. పది గంటలకు ముందు మ్యూజియాలేవీ తెరవవు. బేకరీలో యాలకుల బన్ను తీసుకోండి. మనం పాయసంలో వేసే యాలకులనే వీళ్లు దంచి రొట్టె పిండిలో కలుపుతారు. ఊరు కాని ఊళ్లో ఆ వాసన ముక్కుకు తగిలితే ఒక్క క్షణం కాళ్లు ఆగుతాయి. అది తింటూ రోసెన్‌బోర్ కోట చుట్టూ ఉన్న రాజుగారి తోటలో నడవండి. ఆ పక్కనే ‘డేవిడ్స్ సామ్లింగ్’ అనే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. ఇస్లామీయ కళకు యూరప్‌లో పేరున్న సేకరణల్లో ఇదొకటి. ఇందులో మన దక్కను సుల్తానుల కాలపు చిత్రాలూ ఉన్నాయి. మీరు వెళ్లిన రోజు వాటిని బయట పెట్టారో లేదో మీ అదృష్టం. నాకు దొరికిన రోజున ఒక చిన్న చిత్రం ముందు పావుగంట నిలబడిపోయాను. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ గోల్కొండకు వెళ్లి మిర్చి బజ్జీలు తిని వచ్చినదాన్నే!

అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే రుండెటోర్న్, అంటే గుండ్రటి బురుజు. నాలుగో క్రిస్టియన్ రాజు కట్టించాడు, 1642లో పూర్తయింది. లోపల చివర్లో కొద్దిపాటి మెట్లు తప్ప, దాదాపు పైదాకా ఏడున్నర చుట్లు తిరిగే ఏటవాలు దారే. పైన నక్షత్రాలను చూసే వేధశాల ఉంది, బరువైన సామాను చేరవేయాలి కదా. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ గుర్రం మీదే పైకి ఎక్కాడంటారు. మీకు ఇంకా ఎత్తు కావాలంటే మధ్యాహ్నం క్రిస్టియన్స్‌హౌన్‌లో ‘వోర్ ఫ్రెల్సర్స్’ చర్చి ఉంది. నాలుగు వందల మెట్లు, చివరి నూట యాభై గోపురానికి బయటి వైపు మెలి తిరుగుతూ వెళతాయి. పైకి పోయేకొద్దీ మెట్టు సన్నబడి చివరికి ఒక్క మనిషి నిలబడే చోటే మిగులుతుంది. గాలి జోరుగా ఉంటే మూసేస్తారు. కళ్లు తిరిగేవాళ్లు వద్దు.

మధ్యాహ్న భోజనం మాత్రం కాస్త పట్టించుకోండి, పెళ్లిరోజు ఖర్చు ఇక్కడ పెట్టండి. రాత్రి భోజనానికి ఇక్కడ పెట్టే డబ్బులో సగంతో మధ్యాహ్నం దర్జాగా తినవచ్చు. స్మొర్రెబ్రోడ్ తినాలి. పుల్లటి నల్ల రొట్టె ముక్క మీద వెన్న రాసి, పైన రకరకాల పదార్థాలు పేర్చి తెస్తారు. చేత్తో పట్టుకోకండి, చాకూ ఫోర్కుతో కోసుకుని తినాలి. దానికో వరస ఉంది. ముందు ఊరబెట్టిన హెరింగ్ చేప, తర్వాత మిగతా చేపలు, ఆ తర్వాత మాంసం, చివర జున్ను. మీరు ముందే మాంసం అడిగితే ఎవరూ ఏమీ అనరు కానీ, పక్క బల్ల దగ్గరి ముసలాయన ఒకసారి చూస్తాడు. మనిషికి రెండు ముక్కలు చాలు, మూడోది కళ్ల ఆశ. మీ ఆవిడకు ‘కార్టొఫెల్‌మాడ్’ చెప్పండి. ఉడికించిన బంగాళాదుంప చక్రాలు, మయొనేజ్, పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయ, పచ్చటి ఉల్లికాడల తరుగు. మయొనేజ్‌లో గుడ్డు ఉంటుంది, ఆవిడ గుడ్డు తినకపోతే ముందే అడగండి. కొన్ని చోట్ల దీని మీద పంది మాంసం ముక్కలు చల్లుతారు, అదీ అడగండి. సూపుల్లో మాంసం రసం, తీపి పదార్థాల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. ‘శాకాహారి’ అని ఊరుకోకుండా ‘మాంసం వద్దు, చేప వద్దు’ అని విడివిడిగా చెబితే పొరపాటు ఉండదు. శనివారం మధ్యాహ్నం పేరున్న చోట్ల బల్ల దొరకడం కష్టం, ఈ వారమే ఫోను చేయండి.

నడిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. రోడ్డుకూ కాలిబాటకూ మధ్య కాస్త ఎత్తుగా కనిపించేది సైకిళ్ల దారి. దాని మీద నిలబడి ఫోటో తీసుకోవడమంటే రైలు పట్టాల మీద నిలబడినట్టే. బస్సు దిగేటప్పుడు కొన్ని చోట్ల నేరుగా ఆ దారిలోకే దిగుతాం. మా అమ్మ వచ్చిన రెండో రోజే అలా దిగి ఆగిపోయింది. వరసగా పది సైకిలు గంటలు మోగాయి. “ఏదో గుడి దగ్గర ఉన్నట్టుంది” అంది, కదలకుండా! మీరు సైకిలు అద్దెకు తీసుకుంటే ఆగే ముందు చెయ్యి పైకెత్తాలి. ఎడమకు తిరగాలంటే కూడలిలో అడ్డంగా కోసుకు పోకూడదు, ముందు నేరుగా దాటి, అవతల ఆగి, అప్పుడు తిరగాలి. ఆదివారం పొద్దునైతే రద్దీ ఉండదు, శనివారం మధ్యాహ్నం మొదటిసారి ప్రయత్నించకండి.

కాలువల్లో తిప్పే పడవలకు బదులు పసుపు రంగు నీటి బస్సు ఎక్కండి. బస్సు, మెట్రో టికెట్టే దానికీ చెల్లుతుంది. గాలి తగిలేలా వెనక నిలబడితే రేవు అంతా కనిపిస్తుంది. జలకన్య బొమ్మ దగ్గరికి వెళ్లాలా అని అడిగారు. 1913లో పెట్టిన ఆ విగ్రహం ఎత్తు 1.25 మీటర్లు. మా నాన్న పట్టుబట్టి నలభై నిమిషాలు నడిచి వెళ్లి, చూసి, “ఇంతేనా? మన ధవళేశ్వరంలో కాటన్ దొర గుర్రమే ఇంతకన్నా పెద్దది” అన్నారు.

సాయంత్రం చీకటి పడ్డాకే టివోలికి వెళ్లండి. 1843లో మొదలైన వినోదవనం, ప్రధాన స్టేషను ఎదురుగానే ఉంటుంది. ఏడాది పొడవునా తెరవరు. అక్టోబరు మధ్యలో మాత్రం హాలోవీన్ కోసం వేలకొద్దీ గుమ్మడికాయలతో తెరిచి ఉంటుంది, తేదీ ఒకసారి సరిచూసుకోండి. ప్రవేశ రుసుము వేరు, ఆటలకు వేరు. అన్నీ ఎక్కే టికెట్టు మీకు దండగ. ఒక్కటి ఎక్కండి, 1914 నాటి కొయ్య రోలర్ కోస్టర్. దాన్ని ఆపడానికి యంత్రం మీద ఆధారపడరు, బండిలో మీతో పాటే ఒక మనిషి కూర్చుని మలుపుల దగ్గర చేత్తో బ్రేకు వేస్తాడు. ఆ మనిషి ముఖం చూడండి. మనం గొంతు చించుకుని అరుస్తుంటే ఆయన మన ఆర్టీసీ డ్రైవరు ఘాటు రోడ్డు మీద కూర్చున్నంత నింపాదిగా ఉంటాడు.

ఖర్చు సంగతి. డెన్మార్క్‌లో యూరో లేదు, క్రోనర్లు. వంద క్రోనర్లంటే దాదాపు పదమూడున్నర యూరోలు. కానీ నోట్లు మార్చుకోకండి, బన్ను దగ్గర్నుంచి బాత్రూము దాకా కార్డుతోనే పని జరుగుతుంది. కార్డు పెట్టే యంత్రం ‘యూరోల్లో కట్టుకుంటారా’ అని అడిగితే వద్దని క్రోనర్లే నొక్కండి. కాఫీ నలభై, యాభై క్రోనర్లు ఉంటుంది, గుండె దిటవు చేసుకోండి. కుళాయి నీళ్లు బాగుంటాయి, సీసాలు కొనకండి. కొన్నా పారేయకండి, సీసా మీద ఒకటి నుంచి మూడు క్రోనర్ల దాకా జమ ఉంటుంది, సూపర్ మార్కెట్ యంత్రంలో వేస్తే తిరిగి ఇస్తారు. నా అంచనాలో రెండు రాత్రుల గదికి మూడు వందల యాభై, రైలుకు ముందుగా కొంటే రెండు వందల లోపు, తిండికి, టికెట్లకు మిగతాది. మీ తొమ్మిది వందల్లో సరిపోతుంది. మూడు ఊళ్లయితే విమానాలకే అయిపోయేది.

ప్రయాణాలు, ప్రవేశాలు కలిపి ఇచ్చే కోపెన్‌హాగన్ కార్డు కొనాలా అన్నారు. కార్డు కొన్న మనిషి డబ్బు రాబట్టుకోవాలని పరిగెడతాడు. నేను పైన చెప్పిన శనివారానికి అది అక్కర్లేదు. బస్సు, మెట్రో టికెట్ల కోసం ఊరిని జోన్లుగా విడగొట్టారు, అందులో ఒకటి నుంచి నాలుగు జోన్లకు పనిచేసే చిన్న సిటీ పాస్ చాలు. ఆదివారం ఊరి బయటికి వెళ్లడం, టివోలి ప్రవేశం, కాలువ పడవ అన్నీ కలిపితే మాత్రం కార్డు కిట్టుబాటు కావచ్చు. పది నిమిషాలు కూడి చూసుకోండి.

ఆదివారానికి ఒక్కటే పెట్టుకోండి. సామాను ప్రధాన స్టేషను లాకర్‌లో పెట్టేసి, ఉత్తరం వైపు వెళ్లే రైల్లో ముప్ఫై అయిదు నిమిషాలు ప్రయాణించి హుమ్లెబెక్‌లో దిగండి. పది పన్నెండు నిమిషాలు ఇళ్ల మధ్య నడిస్తే లూసియానా మ్యూజియం. వారాంతాల్లో పదకొండింటికి తెరుస్తారు. ఆధునిక కళ మీకు ఎక్కదని రాశారు, నాకూ పెద్దగా ఎక్కదు. అయినా ఏడాదికి రెండుసార్లు వెళతాను. పాత బంగళా ఒకటి, దాని చుట్టూ చెట్ల మధ్య అద్దాల నడవలు, నడవ చివర గదిలో శిల్పి జాకొమెట్టి చేసిన సన్నటి, పొడవాటి కంచు మనుషులు, వాళ్ల వెనక కిటికీ నిండా చెరువు. అక్టోబరులో ఆ చెట్ల ఆకులు పసుపు పచ్చగా ఉంటాయి. 1958లో మ్యూజియం పెట్టినప్పుడు బంగళా పాత పేరే ఉంచారు. ఆ బంగళా కట్టించిన పెద్దమనిషికి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు భార్యలు, ముగ్గురి పేరూ లూయిసే. పేరు తడబడే ప్రమాదం లేని మనిషి. ఈ కథ అక్కడికి వెళ్లాక మీ ఆవిడకు చెప్పండి, ఇప్పుడే చెప్పేయకండి.

మూడింటికల్లా తిరిగి స్టేషనుకు చేరితే హాంబర్గ్ రైలుకు ఇబ్బంది ఉండదు. పొద్దుపోయి బయల్దేరే రైళ్లు తక్కువ, చివరి రైలు కాకుండా దానికి ముందుది కొనండి. ఇంకో మాట. మ్యూజియం కాఫీ హోటలు ముందు పచ్చిక మీద కాల్డర్ అనే శిల్పి చేసిన పెద్ద పెద్ద ఇనుప శిల్పాలు ఉంటాయి, ఆ అంచున సముద్రం. అవతలి ఒడ్డున కనిపించేది స్వీడన్. మీ లెక్కలో రెండో దేశంగా రాసేసుకోండి.